కూతురి వద్దుతో బేరం

మా నాయన కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లిలో స్టీలు పాత్రల అంగడి పెట్టుకొని, నలభై ఏళ్ళపాటు వద్దన్నవాళ్ళకే సామాను అమ్మాడు. కావాలని వచ్చినవాళ్ళకు ఎవరైనా అమ్ముతారు, అందులో గొప్పేముంది అనేవాడు. గడప దగ్గరే నిలబడి "ఊరికే చూసి పోదామని వచ్చినామప్పా, ఏమీ వద్దు" అన్న ఆడమనిషి, అరగంట తర్వాత ఇడ్లీపాత్రా రెండు డబరాలూ చంకన పెట్టుకొని దిగేది. పైగా కొసరుగా ఒక చెంచా ఇయ్యమని ఆమే నాయనను బతిమాలేది. గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చొని ఇదంతా చూస్తూ పెరిగినదాన్ని. మనిషి వద్దన్నాడంటే మాట్లాడటానికి ఒప్పుకున్నాడని అర్థమని నాకు అఆలకంటే ముందే తెలుసు.

రెండో పాఠం కూడా అక్కడే. "ధర చెప్పినాక నోరు మూసుకో మా. ఎవురు ముందు నోరు తెరుస్తారో వాళ్ళు ఓడిపోయినట్ల" అనేవాడు. ధర చెప్పి, ఒక చెంబు తీసుకొని గుడ్డతో తుడవడం మొదలుపెట్టేవాడు. అప్పటికే మెరుస్తున్న చెంబు. అవతలివాళ్ళు దిక్కులు చూసి, కాలు మార్చి, దగ్గి, చివరికి ఏదో ఒకటి అనేదాకా తుడుస్తూనే ఉండేవాడు. మా అంగట్లో ఒక్క చెంబు మాత్రం ఎప్పుడూ అద్దంలా ఉండేది. దాన్ని ఎవరికీ అమ్మలేదు.

పెళ్ళయి చింతామణికి వచ్చాక ఇక్కడా పాత్రల అంగడే. మా ఆయన సామాను తెస్తాడు, నేను అమ్ముతాను. ఈ ఊళ్ళో నేను బేరమాడని మనిషి లేడంటే అతిశయోక్తి కాదు. బస్సు కండక్టరుతో ఆడాను. పురోహితుడితో ముహూర్తం గంట ముందుకు జరపమని ఆడాను. దేవుడికి నూటెనిమిది ప్రదక్షిణలు మొక్కుకొని, మోకాలు నొప్పెట్టాక యాభైనాలుగుకు ఒప్పించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. మెదడుకు గాలి అందలేదన్నారు. కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు. నోట మాట రాదు. కానీ అన్నీ అర్థమవుతాయి. నవ్వాల్సిన చోట మనకంటే ఒక్క క్షణం ముందే నవ్వుతుంది. మూడేళ్ళప్పుడు వికలాంగుల సర్టిఫికెట్టు కోసం చిక్కబళ్ళాపురం తీసుకుపోయాం. డాక్టరు ఓపికగా పరీక్ష చేసి, డెబ్బై శాతం అని రాయబోతున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఎనభై చేయండి సార్" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. "ఇదు తరకారి అల్లమ్మా" అన్నాడు కన్నడంలో. ఇదేం కూరగాయలు కాదమ్మా, అని.

"పోనీ, డెబ్బై అయిదు."

మా ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. డాక్టరు డెబ్బై అనే రాసి ముద్ర వేసి ఇచ్చాడు. తిరుగు బస్సులో నేను మొహం ముడుచుకొని కూర్చుంటే మా ఆయన మెల్లగా అన్నాడు: "ఏం మా, నీ బిడ్డ నువ్వనుకున్నదానికంటే అయిదు శాతం బాగుండాదని ఏడుస్తాండావా?"

ఆ మాటకు సిగ్గుపడి ఉంటే తర్వాతి కథ నడిచేది కాదు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ, ఎనభై దగ్గర కాకుండా తొంభై దగ్గర మొదలుపెట్టి ఉండాల్సింది అనుకున్నాను.

చింతామణిలో ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం ఉంది. పగటిపూట బడిలా నడుస్తుంది. పొద్దున వ్యాను వచ్చి ఎక్కించుకొని పోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు చేర్చాం. అక్కడి టీచరమ్మది గౌరిబిదనూరు పక్క హొసూరు. ఇలాంటి పిల్లలకు చెప్పే చదువే చదువుకొని వచ్చిన పడుచుపిల్ల. పిల్లలతో కన్నడం, నాతో తెలుగు. ఎనిమిదేళ్ళలో నాకు దొరకని నా కూతురి భాష ఆ అమ్మాయికి రెండు నెలల్లో దొరికింది. మా పాప కళ్ళు పైకెత్తితే సరే అని. కుడి అరచేయి బోర్లించి నొక్కితే వద్దని.

అయితే ఆ చేయి బోర్లించడానికి సమయం పడుతుంది. మనసులో వద్దనుకున్న వెంటనే చేయి వినదు. భుజం కదిలి, మోచేయి వణికి, దారి వెతుక్కుంటూ వస్తుంది. అందుకని ఆ కేంద్రంలో ఒక నియమం. పిల్లను ఎత్తుకోవాలన్నా, బట్ట మార్చాలన్నా, అన్నం పెట్టాలన్నా ముందు అడగాలి. అడిగి మనసులో పది లెక్కపెట్టాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. తల్లిదండ్రుల సమావేశంలో దీని గురించి చెబుతుంటే నేను లేచి నిలబడ్డాను.

"ఇంతమంది పిల్లోళ్ళకు మాటమాటకూ పది లెక్కపెట్టుకుంటా పోతే మధ్యాన్నం అన్నం సాయంత్రం పెడతారు మిస్సూ. అయిదు చాలదా?"

అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. "పదేనమ్మా. దీంట్లో తగ్గింపు లేదు" అంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. పిల్లలు ఇంట్లో ఎలా ఉంటారో చూడటానికి వస్తారట. నేను పాపకు రాగిముద్ద తినిపిస్తున్నాను. నా పనితనం చూపించడానికి మంచి సమయం దొరికిందనుకున్నాను. మూడో ముద్ద అయ్యేసరికి పాప అరచేయి బోర్లించింది.

"అయిపోయె, ఇంగొక్కటే" అన్నాను. తిన్నది. మళ్ళీ బోర్లించింది.

"సరే, దాంట్లో సగం. నీ మాటా కాదు, నా మాటా కాదు." తిన్నది. బోర్లించింది.

"బాగేపల్లి తాతకు ఒకటి. తాత ఆకలితో ఉండాడంట." తాత పేరున ఒకటి పోయింది. ఇంకోసారి బోర్లించింది. పాలవాడి పేరున ఇంకొకటి పోయింది. గిన్నె ఖాళీ అయ్యాక, ఎట్లా ఉంది అన్నట్టు టీచరమ్మ వైపు చూశాను.

"అమ్మా, ఒగ మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు. పాప నాలుగుసార్లు వద్దనింది. నాలుగుసార్లూ మీరే గెలిచినారు" అంది.

"బిడ్డకు కడుపు నిండింది గదమ్మా."

"నిండింది. దాంతోపాటు ఇంగోటి కూడా నేర్చుకొనింది. నేను వద్దంటే పెద్దోళ్ళు ఆగరు, సరే అనేదాకా ఇడిచిపెట్టరు అని. రేపు మీరు లేనిచోట ఎవురన్నా పాప మీద చెయ్యేస్తే వద్దని ఎందుకంటాది? అని ఏం లాభం?"

"మా ఊర్లో అట్లాంటోళ్ళు ఎవురుండారు మిస్సూ? అందరూ తెలిసినోళ్ళే."

"తెలిసినోళ్ళ దగ్గరే గదమ్మా బిడ్డల్ని ఇడిచిపెట్టేది" అంది.

కాఫీ ఇచ్చి పంపించాను. సాయంత్రం మా ఆయనతో, "పెండ్లి గూడా కాలేదు, నా బిడ్డకు అన్నం పెట్టేది నాకు నేర్పుతాండాది" అన్నాను. ఆయన పేపరు తిప్పాడు. నా దగ్గర ఆయన చేతులెత్తేసి చాలా కాలమైంది. అది కూడా అప్పుడు నాకు గొప్పగానే తోచింది.

పోయిన ఏడాది వ్యానులో పిల్లలను చూసుకునే ఆయా మానేసింది. కొత్త మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసి నేనే ఒకామెను తీసుకుపోయాను. ఆమెది బాగేపల్లి దగ్గర పరగోడు. వాళ్ళ అవ్వ, అమ్మ, ఆమె, మూడు తరాలుగా మా నాయన అంగట్లోనే పాత్రలు కొన్నారు. మొగుడి పని కోసం చింతామణి వచ్చి ఉంటోంది. కష్టపడే మనిషి, చెయ్యి చురుకు. కేంద్రంవాళ్ళు గుర్తింపు కాగితాలు, పోలీసు దగ్గర విచారణ, రెండు వారాలు టీచరమ్మ పక్కన ఉండి పని నేర్చుకోవడం అని ఏదో జాబితా చదివారు. నాకు నవ్వొచ్చింది. మా వ్యాపారంలో మూడు తరాల గిరాకీకంటే పెద్ద కాగితం లేదు. ముఖం చూసి బండెడు సామాను పంపిస్తాం, ముఖం చూసి తాళంచెవి ఇస్తాం.

కేంద్రం అధ్యక్షుడు విత్తనాల వ్యాపారి. మా నాయనకు పాత స్నేహితుడు. ఆయనతో, "నేనుండాను గదప్పా. నా మాటకంటే ఇంగేం కాగితం కావాల?" అన్నాను.

"నువ్వు చెప్పినాక ఇంగేముండాది తల్లీ. కాగితాలు నిదానంగా వస్తాయిలే" అన్నాడు. టీచరమ్మ ఏదో చెప్పబోయింది. అధ్యక్షుడూ నేనూ వ్యాపారస్తులం, ఒకరి మాట ఒకరికి చాలింది. మర్నాడే ఆయా పనిలో చేరింది.

మొదటిరోజు పాపను వ్యాను ఎక్కిస్తూ నేనే ఆమెకు పని నేర్పాను. "ఇది ఊరికే వద్దంటాది మా. పట్టించుకోవద్దు. నాతో గూడా దినామూ ఇంతే. ఎట్లన్నా చేసి ఎక్కించుకొని పో." పది లెక్కపెట్టాలన్న సంగతి చెప్పడం నేను మరిచిపోలేదు. కావాలనే చెప్పలేదు.

రెండోవారం సోమవారం, వ్యాను ఆగగానే పాప అరచేయి బోర్లించింది. కొత్త రిబ్బను కట్టి ఎక్కించాను. మంగళవారం మళ్ళీ. క్రీము బిస్కెట్టు. బుధవారం ఫోనులో పాట. గురువారం రిబ్బనూ బిస్కెట్టూ పాటా మూడూ అయ్యాయి, వ్యానువాడు రెండుసార్లు హారను కొట్టాడు. ఎదురుగా పూలమ్మే ఆమె గంప ముందు కూర్చొని మా తమాషా చూస్తోంది. శుక్రవారం నేను ఏమీ చూపించకముందే పాప కళ్ళు పైకెత్తింది. సరే అని.

"మొత్తానికి దోవకు తెచ్చినావు మా" అంది పూలామె.

"నా దగ్గర ఎవురి ఆట సాగుతాది?" అన్నాను.

మా నాయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి మిగిలిపోయింది. గట్టి బేరగాడు ఉన్నట్టుండి నోరెత్తకుండా సరే అంటే ఆయన సంతోషించేవాడు కాదు. వెంటనే లేచి పాత్ర తిప్పి చూసేవాడు, ఎక్కడ సొట్ట పడిందో, మనం ఏం చూసుకోలేదో అని.

ఆదివారం పొద్దున పాపకు తలంటుతున్నాను. చంకల కింద రెండు పక్కలా, రొమ్ముకు అడ్డంగా వేలెడు వెడల్పున కందిన చారలు. తామరేమో అనుకున్నాను. వేడి నీళ్ళేమో అనుకున్నాను. తర్వాత కుడి మణికట్టు చూశాను. చుట్టూ అదే చార. ఎడమచేతికి లేదు.

కుడిచేయి. వద్దని చెప్పే చేయి.

పాపను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకొని అడగడం మొదలుపెట్టాను. "ఆయా కట్టేసిందా?" కళ్ళు పైకెత్తింది. "కొట్టిందా?" పైకెత్తింది. "డ్రైవరన్న కొట్టినాడా?" పైకెత్తింది. "టీచరమ్మ కొట్టిందా?" పైకెత్తింది. ఎందుకో తెలియదు, "నేను కొట్టినానా?" అని కూడా అడిగాను. నా మొహంలోకే చూస్తూ కళ్ళు పైకెత్తింది.

ఆ సరే ఎక్కడిదో నాకు తెలుసు. రెండేళ్ళుగా ముద్ద ముద్దకూ, రిబ్బను రిబ్బనుకూ నేను సంపాదించుకున్న సరే అది. సరే అంటే అమ్మ అడగడం ఆపుతుంది. నా కూతురికి ఏం జరిగిందో చెప్పగల మనిషి నా కూతురు ఒక్కతే, ఆ మనిషి మాటను పనికిరాకుండా చేసినదాన్ని నేనే.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇంగ సాలు మా. ఆపు" అన్నాడు. ఆపాను.

టీచరమ్మకు ఫోను చేస్తే వెంటనే వచ్చింది. పాపను ఏమీ అడగలేదు. పక్కన కూర్చొని, "చేయి చూడనా?" అని అడిగి ఆగింది. పాప కళ్ళెత్తాక కూడా మెల్లగానే ముట్టుకుంది. నాతో మాత్రం, "ఇంగ మీరేమీ అడగద్దండమ్మా. మీరు చూసింది, చూసిన టైము, ఒక కాగితంలో రాయండి. ఊహించింది రాయద్దు" అంది. మా ఆయనను పాపతో డాక్టరు దగ్గరికి పంపించింది. సోమవారం వ్యానులో పాపను పంపొద్దని చెప్పి, తనే పొద్దున్నే మా ఇంటికి వచ్చి కూర్చుంది.

వ్యాను ఆగింది. పాపను ఇంట్లోనే ఉంచి, మేమిద్దరం లోపలికి ఎక్కాం. మా పాప కూర్చునే సీటుకు బెల్టు బకిలు విరిగి వేలాడుతోంది. సీటు వెనక ఇనుపకమ్మీకి పాత చీర చింపిన పేలికలు కట్టి ఉన్నాయి. రెండు పొడుగువి. ఒకటి పొట్టిది.

ఆయా దాచాలని చూడలేదు. దాచాల్సిందేదో ఉందని కూడా ఆమెకు తెలియదు.

"పడిపోతాదని కట్టినానక్కా. బెల్టు ఇరిగి పది దినాలాయె, డ్రైవరన్నకు చెప్తానే ఉండా. రోడ్డు సూస్తాండావు గదా, గుంత వస్తే బిడ్డ ముందరికి జారిపోతాది. మిగతా పిల్లోళ్ళను సూడల్లా, నేనొక్కదాన్నే."

"చెయ్యి ఎందుకు కట్టినావు?" టీచరమ్మ అడిగింది.

"ఊరికే ఊరికే సీటు మీద కొడతాండె మిస్సూ. పక్క పిల్లోనికి తగలతాండె. ఏడుస్తాండె వాడు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వే గదక్కా చెప్పినావు, ఊరికే వద్దంటాది, పట్టించుకోవద్దు అని?"

ఊరికే ఊరికే సీటు మీద కొట్టింది. అంటే దారి పొడుగునా వద్దు, వద్దు, వద్దు అని చెబుతూ పోయింది. వినేవాళ్ళు లేక, చివరికి చెప్పే చేతినే కట్టేశారు. అంగట్లో ఎన్నోసార్లు నోరు మూసుకున్నాను కానీ, నిజంగా మాట లేక నోరు మూసుకున్నది అప్పుడే.

ఆ సాయంత్రానికే అధ్యక్షుడు మా అంగడికి వచ్చాడు. స్టూలు వేయించి కాఫీ తెప్పించాను. పాప తన చక్రాల కుర్చీలో గల్లాపెట్టె పక్కన ఉంది. టీచరమ్మ చెప్పినట్టు నేను రాసిన కాగితం గల్లాపెట్టె మీదే ఉంది. ఒక నకలు కేంద్రానికి, ఒకటి పిల్లల రక్షణ చూసే జిల్లా ఆఫీసుకు, చిక్కబళ్ళాపురానికి పంపాలి. ఆయన దాని వైపు చూడకుండానే మాట మొదలుపెట్టాడు. మంచి వ్యాపారి కావలసిన వస్తువు వైపు ఎప్పుడూ చూడడు.

"తప్పు జరిగిపోయిందమ్మా, నేను కాదనలేదు. బెల్టు రేపు పొద్దునకంతా ఏపిస్తా. ఆయమ్మను పిలిచి నాలుగు మాటలు గట్టిగా చెప్తా. దీనికి కాగితం గీగితం ఎందుకు? ఇంట్లో మాట ఇంట్లోనే పోనీ."

నేను కాఫీ గ్లాసు ఆయన ముందుకు జరిపాను.

"కేంద్రానికి చెడ్డపేరు వస్తే ఇచ్చే నాలుగు చేతులూ ఎనక్కి పోతాయి. మిగతా బిడ్డలు యాడికి పోవల్ల? నువ్వే చెప్పు."

ఇది నిజమే. అందుకే బరువుగా తగిలింది. బజారులో అత్తాకోడళ్ళ తగాదాలూ అన్నదమ్ముల గోడ తగాదాలూ ఇరవై ఏళ్ళుగా ఈ స్టూలు మీదే తీర్చాను. ఇద్దరూ కొంచెం కొంచెం తగ్గితే లోకం నడుస్తుందని ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు నా అంగట్లోనే అదే సరుకు నాకే అమ్ముతున్నాడు.

"ఇంగో మాట" అన్నాడు మెల్లగా. "నువ్వే చెప్పి పెట్టించినావు. కాగితం పోయిందంటే మొదట నిన్నే పిలుస్తారు. నీ పేరు, మీ నాయన పేరు బజార్లో పడతాది. నాకు అది ఇష్టం లేదు తల్లీ." ఒక్క క్షణం ఆగి కొసరు వేశాడు. "నిన్ను గూడా కమిటీలో ఏసుకుందాం. నీలాంటి మనిషి ఉండల్ల."

పాపిష్టి మనసు ఎంత నీచమైనదో చెప్పుకోవాలి. కమిటీలో ఏ పదవి అని ఒక్క క్షణం ఆలోచించాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి పాప వైపు వంగాడు. బుగ్గ మీద చిటికె వేశాడు. "ఏం తల్లీ, రేపటినుండి వ్యానులో పోదామా? కొత్త బెల్టు ఏపిస్తాం."

పాప భుజం కదిలింది. మోచేయి వణికింది. ఆయన అప్పటికే నా వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. నేను ఆయనను వినడం మానేసి చేయినే చూశాను. చార ఇంకా పోని మణికట్టు మెల్లగా తిరిగి, కుర్చీ ముందున్న పలక మీద బోర్లపడింది.

"అది వద్దంటాండాదప్పా" అన్నాను.

"సుమ్నే, ఊరికే అంటాదిలే తల్లీ, చిన్నబిడ్డ."

"లేదప్పా. వద్దనింది."

కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని చదివాడు. అందులో చారల సంగతి ఉంది, పేలికల సంగతి ఉంది. కాగితాలు చూడకుండా ఆయాను పెట్టుకున్నది ఆయన అని ఉంది, పెట్టించింది నేనని ఉంది. వద్దంటే పట్టించుకోవద్దని ఆమెకు చెప్పింది కూడా నేనేనని ఉంది. ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు మిగతా కాగితమంతటికంటే ఎక్కువ సేపు పట్టింది.

"దీంట్లో నీ మీద నువ్వే రాసుకున్నావు గదమ్మా!"

"అవునప్పా."

"ఒగ పని చేద్దాం. నా పేరు తీసెయ్. నీ పేరు గూడా తీసేద్దాం. మిగతాదంతా ఉండనీ."

అంతకంటే మంచి ధర నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. నాయన చెప్పిన ప్రకారం అప్పుడు నోరు మూసుకొని చెంబు తుడవాలి. నేను ఆగలేకపోయాను.

"రెండు పేర్లూ ఉంటాయప్పా" అన్నాను.

చిక్కబళ్ళాపురం నుంచి ఇద్దరు ఆడ ఆఫీసర్లు వచ్చారు. నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి అడిగారు. నాకు అలవాటైన రకం మనుషులు కారు. ఏం చెప్పినా మొహంలో ఏమీ కనబడనీయరు, రాసుకుంటూ పోతారు. విచారణ అయ్యేదాకా ఆయాను పిల్లల పనిలోంచి తప్పించారు. వ్యానులో ఇద్దరు మనుషులు ఉండాలన్నారు. కాగితాలు లేకుండా, పని నేర్పకుండా ఎవరినీ పిల్లల దగ్గరికి పంపకూడదన్నారు. అంటే మొదట్లో జాబితా చదివి వినిపించినప్పుడు నేను నవ్విందంతా మళ్ళీ చదివారు. ఈసారి అధ్యక్షుడు సంతకం పెట్టాడు. తల్లిదండ్రుల సమావేశంలో నేను లేచి నిలబడి నా వాక్యం నేనే చదివాను. అయిదు చాలదా అంటే నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు.

ఆయా బజారులో ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోవాల్సిందే. విరిగిన బెల్టు, గుంతల రోడ్డు, వ్యాను నిండా పిల్లలు, ఒక్క మనిషి, ఏమీ నేర్పని పని, దాని మీద నా సలహా. ఆమె తప్పు లేదని నేను అనను. పొట్టి పేలిక కట్టింది ఆమే. కానీ ముడి వేయడం నేర్పింది ఎవరో ఇద్దరికీ తెలుసు. వాళ్ళ అమ్మ బాగేపల్లిలో ఇప్పుడు వేరే అంగట్లో కొంటోందట. నాయన ఫోను చేసి చెప్పాడు.

"మూడు తరాల గిరాకీ పోయె మా."

"పోయె నాయనా."

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"బిడ్డ చెయ్యి ఎట్లుండాది?" అన్నాడు.

రెండు వారాల తర్వాత వ్యాను మళ్ళీ వచ్చింది. కొత్త బెల్టులు, ఇద్దరు ఆయాలు. అందులో పెద్దామె దిగి, చీర కుచ్చెళ్ళు సర్దుకొని, పాప ముందు కింద కూర్చుంది. "నిన్ను ఎత్తుకోనా తల్లీ?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. ఆమె పెదవులు మెల్లగా కదులుతున్నాయి, లెక్కపెడుతోంది.

పాప చేయి బోర్లించింది.

నా నాలుక మీద పది మాటలు వచ్చి నిలబడ్డాయి. ఇంగొక్కసారి చూడు. ఈ ఆయమ్మ మంచిది. సాయంత్రం ఐస్‌క్రీము. ఆయా నా వైపు చూసింది, డ్రైవరు హారను మీద చేయి పెట్టి చూశాడు, పూలామె సగం కట్టిన మాల పట్టుకొని చూసింది.

"పో అన్నా. ఈ దినం రాదంట" అన్నాను.

వ్యాను కదిలింది. పాప అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, తర్వాత నా వైపు తిరిగింది. నోరు తెరుచుకునే ఉంది. పదేళ్ళ జీవితంలో తను వద్దంటే ఒక బండి వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

మర్నాడూ వద్దంది. ఆ మర్నాడూ వద్దంది. ఆ రెండోరోజుది భయం కాదు, నాకు తెలుసు. కొత్తగా తెరిచిన అంగట్లో ధర నిజమేనా అని రెండోసారి అడిగి చూసే గిరాకీ మొహం అది. అంగడి ఆలస్యంగా తెరుస్తున్నాను. "ఏందిమా, ఆఖరికి బిడ్డ చేతిలో ఓడిపోతాండావే" అంది పూలామె. మా ఆయన, ఇట్లా ఎన్నాళ్ళు అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఇరవై ఏళ్ళలో నేను ఆయనకు చెప్పిన మొదటి తెలియదు అది. ఇంట్లో కూడా ధరలు మారిపోయాయి. మూడో ముద్దకు వద్దంటే గిన్నె లోపలికి పోతోంది. చుట్టాలావిడ ముద్దుపెట్టుకోబోతే చేయి బోర్లించింది. ఆమె కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

అయిదోరోజు ఆయా ఎప్పటిలాగే కింద కూర్చుంది. అడిగింది. లెక్కపెట్టింది. పాప ఆమె మొహాన్ని చాలాసేపు చూసింది. లెక్క అయిపోయి ఉంటుంది, ఆమె లేవలేదు. పాప కళ్ళు పైకెత్తింది.

ఆయా ఎత్తుకొని లోపల కూర్చోబెట్టి, బెల్టు పెట్టనా అని అడిగి పెట్టింది. పాప చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి. హడావిడిలో జడ ఊడిపోయి జుట్టంతా మొహం మీద పడింది. సర్దుదామని కిటికీలోంచి చేయి పెట్టాను. పాప నన్ను చూస్తూ అరచేయి బోర్లించింది.

చేయి వెనక్కి తీసుకున్నాను. జుట్టు అట్లాగే రేగిపోయి ఉంది. అట్లాగే వెళ్ళిపోయింది.